డిస్కు మందం చెప్పండి, ప్యాడ్ల సంగతి తర్వాత చూద్దాం

విజయవాడ ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల కౌంటర్ వెనకాల నిలబడి నాకు ఇరవై రెండేళ్లు. "అన్నా, కారు బ్రేక్ ప్యాడ్లు ఎంత?" అని రోజూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. "డిస్కు మందం ఎంతుంది?" అని తిరిగి అడిగితే మాత్రం నేనేదో వాళ్ల ఆస్తి వివరాలు అడిగినట్టు మొహం పెడతారు. ప్యాడ్ల రేటు ఫోన్లోనే చెప్పొచ్చు. అసలు ప్యాడ్లు మారిస్తే సరిపోతుందా, డిస్కు కూడా మార్చాలా అన్నది చక్రం విప్పి కొలిస్తే గానీ తెలీదు. (డిస్కు అంటే చక్రంతో పాటు తిరిగే ఇనప పళ్లెం, బ్రేక్ తొక్కితే ప్యాడ్లు రెండు వైపులా పట్టుకునేది దాన్నే. ఇంటర్నెట్లో దీన్ని రోటర్ అంటున్నారు. మా దగ్గర డిస్కు అంటేనే కుర్రాడు లోపలికెళ్లి తెస్తాడు.)

ముందు ప్యాడ్. కొత్తదానిలో అరిగే మెటీరియల్ సుమారు 10 మి.మీ. ఉంటుంది. వెనకున్న ఇనప రేకుని కలిపి కొలవకండి, ఎక్కువమంది పొరబడేది అక్కడే. మెటీరియల్ ఒక్కటే 3 మి.మీ.కి దిగితే మార్చేయండి. దగ్గర్లో ఘాట్ రోడ్డు ప్రయాణం ఉంటే 4 దగ్గరే మార్చమంటాను. ప్యాడ్ పల్చబడేకొద్దీ డిస్కు వేడి సులువుగా, ప్యాడ్‌ని నొక్కే పిస్టన్‌కీ, అక్కణ్ణుంచి బ్రేక్ ఆయిల్‌కీ ఎక్కేస్తుంది. చాలా బళ్లలో లోపలి ప్యాడ్‌కి చిన్న రేకు ముక్క ఉంటుంది. ప్యాడ్ అరిగాక అది డిస్కుకి తగిలి కీచుమంటుంది, మార్చమని చెప్పడానికే పెట్టారు. ఆ కీచు వినపడకుండా పాటల సౌండు పెంచుకుని ఆర్నెల్లు తిరిగినవాళ్లు నాకు తెలుసు.

మొన్న ఉయ్యూరు నుంచి ఒక కుర్రాడు పాత ప్యాడ్లు క్యారీ బ్యాగులో వేసుకొచ్చాడు. "పదిహేను వేల కిలోమీటర్లకే అయిపోయాయన్నా, ఈ కంపెనీ వద్దు, ఇంకోటి ఇవ్వు" అన్నాడు. నాలుగూ కౌంటర్ మీద వరసగా పేర్చాను. కుడి చక్రానివి రెండూ సమానంగా ఉన్నాయి. ఎడమ చక్రంలో బయటి ప్యాడ్ 7 మి.మీ. మిగిలి ఉంటే, లోపలిది 2 కూడా లేదు.

"తమ్ముడూ, కంపెనీ మార్చినా ఇదే జరుగుతుంది. నీ కాలిపర్ స్లైడ్ పిన్ను బిగుసుకుపోయింది" అన్నాను. ప్యాడ్లని పట్టుకుని డిస్కుకి అదిమేదే కాలిపర్. మన చిన్న కార్లలో చాలావాటికి దాని పిస్టన్ ఒకవైపే ఉంటుంది. అది లోపలి ప్యాడ్‌ని నొక్కితే, కాలిపర్ పిన్నుల మీద జారి బయటి ప్యాడ్‌ని లాగాలి. పిన్ను జారకపోతే భారమంతా లోపలి ప్యాడ్ మీదే. పిన్నులు తీసి, శుభ్రం చేసి, సిలికాన్ గ్రీజు పూయాలి. బేరింగుకి వాడే మామూలు గ్రీజు పూస్తే రబ్బరు ఉబ్బి మళ్లీ పట్టేస్తుంది. అందుకే పాత ప్యాడ్లు మెకానిక్ దగ్గర వదిలెయ్యకుండా తెచ్చుకోండి. ఏ చక్రానివో, లోపలివో బయటివో స్కెచ్ పెన్నుతో వాటి మీదే రాయించండి. అవి చూస్తే సగం జబ్బు తెలిసిపోతుంది, పైగా కొత్త ప్యాడ్ ఆకారం సరిపోతుందో లేదో పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.

ఇక డిస్కు. మధ్యలో టోపీలా ఉబ్బిన భాగం మీదో, అంచు మీదో కనీస మందం చెక్కి ఉంటుంది. తుప్పు పట్టి కనపడకపోతే ఇనప బ్రష్షుతో గీకండి. మా ఇంటి బండికి కొత్త డిస్కు 22 మి.మీ., కనీసం 20. అంటే జీవితం మొత్తం రెండే రెండు మిల్లీమీటర్లు, రెండు వైపులా కలిపి. కంటితో చూసి "ఇంకా ఉందిలే" అనడానికి లేదు.

మందం కొలిచే వెర్నియర్ ఉన్నా పొరబాటుకి చోటుంది. ప్యాడ్ తగలని చోట, బయటి అంచున, డిస్కు అరగకుండా గట్టులా మిగిలిపోతుంది. వెర్నియర్ దవడలు ఆ గట్టు మీద కూర్చుంటే అరిగిన డిస్కు కూడా కొత్తదానంత మందం చూపిస్తుంది. గట్టు దాటి లోపల కొలిచే మైక్రోమీటర్ ఉంటే గొడవే లేదు. లేకపోతే ఒకే రకం రూపాయి బిళ్లలు రెండు తీసుకుని, గట్టుకి లోపలివైపు, ప్యాడ్ రాసుకునే చోట ఇటొకటి అటొకటి ఆనించి, వాటి మీద కొలవండి. తర్వాత బిళ్లలు రెండూ కలిపి కొలిచి తీసెయ్యండి. మిగిలిందే డిస్కు మందం. ఒక్కచోట కాదు, చుట్టూ నాలుగైదు చోట్ల చూడండి.

వచ్చిన అంకెతో లెక్క వెయ్యండి. ఉదాహరణకి 20.8 వచ్చిందనుకోండి. డిస్కు మీద గీతలున్నాయి, లేత్ మీద పెట్టి సాపు చేద్దామంటాడు మెకానిక్. ఒక్కో వైపు 0.3 తీసినా 20.2కి వస్తుంది. ఇక మిగిలింది 0.2. కొత్త ప్యాడ్లు సగం అరిగేలోపే డిస్కు హద్దు దాటేస్తుంది, మళ్లీ విప్పుడు, మళ్లీ కూలి. లేత్ వాళ్లని అనడానికి లేదు, ఏది ఇస్తే అది సాపు చేస్తారు, కనీస మందం ఎంతని అడగడం వాళ్ల పని కాదు. నా మటుకు నేను, లేత్ అయ్యాక హద్దుకి పైన కనీసం 0.5 మిగిలేట్టయితేనే సరే అంటాను. లేదంటే కొత్త డిస్కులు, అదీ జతగా. ఒక్క వైపే మార్చి డబ్బు మిగిల్చామనుకుంటే, బ్రేక్ కొట్టినప్పుడు బండి ఒక పక్కకి లాగొచ్చు.

డిస్కు ఎంచుకోవడంలో పెద్ద చదువేమీ లేదు. మీ బండికి వచ్చిన వ్యాసం, వచ్చిన మందం, గాలి సందులున్నదానికి సందులున్నదే. చిల్లులు పొడిచిన డిస్కులు అడుగుతారు కుర్రాళ్లు, అల్లాయ్ చక్రాల్లోంచి బాగా కనపడతాయని. రోజూ ఆఫీసుకి తిరిగే బండికి వాటి అవసరం లేదు. పదేపదే బాగా కాగి చల్లారుతుంటే ఆ చిల్లుల దగ్గరే పగుళ్లు మొదలవుతాయి. గీతలు కోసినవి కాస్త నయం కానీ ప్యాడ్లని తొందరగా తినేస్తాయి, చప్పుడు కూడా. నేనైతే సాదా డిస్కే ఇస్తాను. విశాఖ, బందరు లాంటి సముద్రపు గాలి ఊళ్లవాళ్లయితే టోపీ భాగానికీ అంచుకీ కోటింగ్ ఉన్నది అడగండి. అక్కడ తుప్పు మామూలుగా ఉండదు. వాన పడ్డ మర్నాడు పొద్దున డిస్కు మీద కనిపించే పల్చటి ఎర్రపొర మాత్రం రెండు మూడు బ్రేకులకే పోతుంది, దానికి కంగారు పడొద్దు.

ప్యాడ్ల దగ్గర నేనడిగే రెండో ప్రశ్న: బండి ఎక్కడెక్కడ తిరుగుతుంది?

బెంజ్ సర్కిల్, అమీర్‌పేట లాంటి ట్రాఫిక్‌లో పొద్దస్తమానం ఆగుతూ కదులుతూ ఉండే బండికి బ్రేకులు ఎక్కువ సార్లు పడతాయి కానీ స్పీడు తక్కువ, వేడీ తక్కువే. దానికి ఆర్గానిక్ రకం చాలు. మెత్తగా పడుతుంది, చప్పుడు చెయ్యదు, డిస్కుని తినదు. చక్రాల మీద నల్లటి పొడి చూడలేనివాళ్లు, కొంచెం ఎక్కువ పెట్టగలిగినవాళ్లు సిరామిక్ తీసుకోవచ్చు. ఇనప రజను ఎక్కువుండే సెమీ మెటాలిక్ రకం వేడికి బాగా ఓర్చుకుంటుంది. బదులుగా పొడి రాలుతుంది, డిస్కు కాస్త ఎక్కువ అరుగుతుంది, చల్లగా ఉన్నప్పుడు అప్పుడప్పుడు కీచుమంటుంది.

వేడి అంటే ఎంత వేడి? తిరుమల లెక్క చెప్తాను. కొండ మీదికీ తిరుపతికీ ఎత్తు తేడా సుమారు 700 మీటర్లు. ఇంజిన్ సాయం లేకుండా బ్రేకుల మీదే దిగితే, 80 స్పీడులో ఉన్న బండిని పూర్తిగా ఆపడం దాదాపు 28 సార్లు చేసినంత వేడి ఆ బ్రేకుల మీద పడుతుంది. నా మేనల్లుడు ఇంజినీరింగు చదివేటప్పుడు కాగితం మీద వేసి చూపించాడు. బండి బరువెంతైనా ఆ 28 మారదు, ఎందుకంటే బరువు లెక్కలో రెండు వైపులా కొట్టేసుకుపోతుంది. జనం ఎక్కువైతే ఒక్కో బ్రేకుకీ పుట్టే వేడి మాత్రం పెరుగుతుంది. కాబట్టి ఏటా తిరుమల, శ్రీశైలం, అరకు తిరిగే కుటుంబానికీ, ఘాట్ల మీద తిరిగే ట్యాక్సీకీ సెమీ మెటాలిక్ గానీ, ఇనుము కాస్త తక్కువుండే లో మెటాలిక్ గానీ ఇస్తాను. ఏ ప్యాడ్ వేసినా దిగేటప్పుడు రెండో గేరు, మూడో గేరులో ఉంచి దిగమని చెప్పే పంపిస్తాను.

రేసింగ్ ప్యాడ్లు అడిగేవాళ్లకి ఒకటే మాట. అవి బాగా కాగితేనే బాగా పడతాయి. పొద్దున్నే సందు మలుపులో పిల్లాడు అడ్డమొచ్చినప్పుడు అవి కాగి ఉండవు.

కొన్ని ప్యాడ్ల అంచు మీద కోడ్ చివర రెండు ఇంగ్లీషు అక్షరాలుంటాయి. మొదటిది మామూలు వేడిలో పట్టు, రెండోది బాగా కాగినప్పటి పట్టు. ఇంగ్లీషు 'ఈ' (E) అంటే పట్టు అంకె (ఘర్షణ గుణకం) 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. ఎఫ్ఎఫ్ అని ఉంటే వేడెక్కినా పట్టు దాదాపు అదే మెట్టులో నిలుస్తుందన్నమాట. ఎఫ్ఈ అయితే కాగాక ఒక మెట్టు దిగుతుంది. చిన్న ముక్క మీద పరీక్ష చేసి ఇచ్చే అక్షరాలివి, నాణ్యతకి మార్కులు కావు, జీ అని ఎగబడనక్కర్లేదు. నేను ఎక్కువ నమ్మేది ఆర్90 గుర్తు. అది యూరప్ నిబంధన. దాని ప్రకారం మార్కెట్లో కొనే ప్యాడ్ పనితీరు కంపెనీ ప్యాడ్‌కి 15 శాతానికి మించి తేడా ఉండకూడదు. గుండ్రంలో ఇంగ్లీషు 'E' అక్షరం, పక్కన దేశం అంకె, 90ఆర్ అని మొదలయ్యే నంబరు ఉంటాయి.

బ్రాండ్ల గురించి గంటలు గంటలు వాదించొచ్చు. బండి కంపెనీ డబ్బాలో వచ్చేదీ, టీవీఎస్ గిర్లింగ్, రానే, బాష్, బ్రెంబో లాంటి పేర్లవీ నిజమైన సరుకైతే చాలు. నా భయమంతా ఆ 'నిజమైన' దగ్గరే. డబ్బా మీద ఎమ్మార్పీ, తయారైన నెల, సంవత్సరం, కస్టమర్ కేర్ వివరాలు ఉండాలి. స్కాన్ చేసే కోడ్ ఉంటే కౌంటర్ దగ్గరే స్కాన్ చెయ్యండి, షాపువాడు ఏమీ అనుకోడు. అనుకుంటే పక్క షాపుకెళ్లండి. ప్యాడ్ చేతిలోకి తీసుకుని అంచు మీద గోరుతో గట్టిగా గీకండి. పొడి రాలినా, రేకుకీ మెటీరియల్‌కీ మధ్య సన్నటి సందు కనపడినా అక్కడే పెట్టెయ్యండి. జీఎస్టీ బిల్లు మీద పార్టు నంబరు రాయించుకోండి. పేరూ ఊరూ లేని చవక ప్యాడ్లలో ఆస్బెస్టాస్ ఉండదని ఎవరూ హామీ ఇవ్వలేరు. పాత ప్యాడ్లు విప్పేటప్పుడు మెకానిక్ గాలి గొట్టం తీసుకుని దుమ్ము ఊదబోతే ఆపండి. బ్రేక్ క్లీనర్‌తో తడిపి తుడవమనండి.

కొనేటప్పుడు ఆర్సీలో ఉన్న ఛాసిస్ నంబరు ఫోటో తెచ్చుకోండి. ఒకే మోడల్‌లో పెట్రోల్‌కీ డీజిల్‌కీ, ఒక ఏడాదికీ ఇంకో ఏడాదికీ డిస్కు సైజు మారడం ఉంది. వెనక డ్రమ్ములున్న బండి అయితే అక్కడివి ప్యాడ్లు కావు, లైనర్లు, అదో కథ. స్విచ్‌తో పడే హ్యాండ్‌బ్రేక్ ఉండి వెనక కూడా డిస్కులుంటే, స్కానర్‌తో సర్వీస్ మోడ్‌లో పెట్టకుండా పిస్టన్ నొక్కనివ్వకండి.

ఇప్పుడు నా సొంత తప్పు. నాలుగేళ్ల కిందట మా బండికి బ్రేక్ కొడితే స్టీరింగ్ వణుకుతోందని కొత్త డిస్కులు, కొత్త ప్యాడ్లు నేనే దగ్గరుండి వేయించాను. మూడు వేల కిలోమీటర్లు తిరిగేసరికి వణుకు మళ్లీ వచ్చింది. డిస్కు వంగిపోయిందని తయారుచేసినవాళ్లని నాలుగు తిట్లు తిట్టాను. విప్పి చూస్తే, డిస్కు కూర్చునే హబ్ మీద ఒక మూల తుప్పు పెచ్చు, గోరంత మందం. దాని మీద కూర్చున్న డిస్కు తిరిగేటప్పుడు అటూ ఇటూ ఊగింది, ఊగిన చోటల్లా ప్యాడ్‌కి రాసుకుని ఒకచోట పల్చగా, ఒకచోట మందంగా తయారైంది. బ్రేక్ వణుకుల్లో చాలావాటికి కారణం వంకర కాదు, ఈ మందం తేడాయే. సాధారణంగా ఆ ఊగుడు మిల్లీమీటర్లో ఇరవయ్యో వంతు దాటకూడదు. ఇరవై రూపాయల ఎమరీ కాగితంతో హబ్ రుద్దించి ఉంటే జత డిస్కులు మిగిలేవి. కాబట్టి హబ్ మెరిసేదాకా రుద్దించండి. కొత్త డిస్కు మీద తుప్పు పట్టకుండా పూసిన నూనెని క్లీనర్‌తో పూర్తిగా తుడిపించండి. చక్రం నట్లు ఎదురెదురుగా, ఎంత బిగువో చూపించే టార్క్ రెంచితో బిగించమనండి. గన్నుతో బర్రుమని ఒకే పట్టున బిగిస్తే డిస్కు సమంగా కూర్చోదు.

పనిలో పనిగా బ్రేక్ ఆయిల్. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. నీరు పీల్చుకున్నాక ఆ హద్దు 155 దాకా పడిపోవచ్చు. ఘాట్ దిగేటప్పుడు పెడల్ మెత్తగా లోపలికి దిగిపోయిందంటే చాలాసార్లు ఆయిల్ మరిగి బుడగలు రావడమే. రెండేళ్లయితే మార్చేయండి. మూత మీద ఏ డాట్ రాసి ఉంటే అదే పొయ్యండి.

పని అయ్యాక స్టార్ట్ చేసి వెంటనే కదలకండి. పిస్టన్ వెనక్కి నొక్కి ఉంటుంది కాబట్టి మొదటి తొక్కుకి పెడల్ నేల దాకా పోతుంది. గట్టిపడేదాకా నిలబడిన చోటే తొక్కండి. షెడ్డు గేటుని గుద్దిన బండ్లు మా వీధిలోనే రెండున్నాయి.

తర్వాత తెల్లారుజామున ఖాళీ రోడ్డు చూసుకుని 60 నుంచి 15 దాకా ఒక మోస్తరుగా బ్రేక్ నొక్కండి, పూర్తిగా ఆపకండి. మళ్లీ 60కి తీసుకెళ్లండి. ఇలా ఎనిమిది పదిసార్లు చేసి, తర్వాత పది నిమిషాలు బ్రేక్ ముట్టకుండా నడిపి చల్లారనివ్వండి. కాలిన వాసన కొంచెం వస్తుంది, భయం లేదు. కాగి ఉన్న డిస్కు మీద పెడల్ గట్టిగా తొక్కిపట్టి మాత్రం నిలబడకండి, ప్యాడ్ ముద్ర అక్కడే అతుక్కుంటుంది. ఓ 300 కిలోమీటర్లయ్యాక చక్రం సందులోంచి టార్చి వేసి చూడండి. డిస్కు అంతా ఒకే బూడిద రంగులో ఉంటే సరి. మచ్చలు మచ్చలుగా ఉంటే బండి తీసుకురండి, ఆదివారం మాత్రం షాపు ఉండదు.