ఇంకని గుంత, కంపు కొట్టే డబ్బా, ఆగిపోయే సోలార్: ఎక్కడ చూడాలి, ఏం చేయాలి

విజయవాడ, గుంటూరు పక్కన పోరంకి, కానూరు, తాడేపల్లి, గోరంట్ల వైపు కొత్తగా లేచిన కాలనీల్లో ఇంకుడు గుంత, కంపోస్టు డబ్బా, డాబా మీద సోలార్ పలకలు ఇప్పుడు మామూలే. రెండు వానాకాలాలు గడిచేసరికి గుంతలో చెత్త పేరుకుంటుంది, డబ్బా మూల పడుతుంది, సోలార్ పెట్టించినా బిల్లు ఎందుకొస్తోందో అర్థం కాదు. చాలాసార్లు వస్తువులో లోపం ఉండదు. ఇక్కడి నేల, ఎండ, తేమ చూసుకోకుండా పెట్టడమే లోపం. అందుకే కొత్తది కొనేముందు కింది పరీక్షలు చేసుకోండి. వీటిలో చాలావాటికి పైసా ఖర్చు ఉండదు.

వాన వెలిసి రెండు రోజులైనా ఇంకుడు గుంతలో నీరు దిగలేదు

దీనికి మూడు కారణాలు ఉండొచ్చు. మూడింటికీ మందు వేరు కాబట్టి ఏదో తేల్చుకోకుండా గడ్డపార పట్టుకోవద్దు.

ముందు ఒక ఇనుప ఊచను పై ఇసుకలోంచి కంకర దాకా గుచ్చండి. గుచ్చిన చోట నీరు గుటగుటమని దిగిపోతే పై పొర మూసుకుపోయిందన్నమాట. డాబా మీది దుమ్ము, ఆకులు ఇసుక మీద పేరుకుని పలచటి బురద తెట్టు కట్టాయి. పైనున్న అరడుగు ఇసుక తీసేసి, కడిగి లేదా కొత్తది పోసి సరిచేయండి. ఏటా మే చివర్లో, తొలకరికి ముందు ఈ పని చేయాలి. ఇసుకకు, కంకరకు మధ్య నైలాన్ జాలీ వేయకపోతే ఇసుక మెల్లగా కంకర సందుల్లోకి జారి గుంత మొత్తం బిగుసుకుపోతుంది. అప్పుడు అంతా తోడి కంకర కడగడం తప్ప దారి లేదు. జాలీ వేయించని మేస్త్రీలే ఎక్కువ. గుంత పూడ్చేటప్పుడు దగ్గరుండి అడిగి వేయించుకోండి.

ఊచ గుచ్చినా నీరు కదలకపోతే నేల సంగతి చూడాలి. గుంటూరు చుట్టుపక్కల నల్లరేగడి ఎక్కువ. ఇది మే నెలలో పెద్ద పెద్ద బీటలిచ్చి ఉంటుంది. అప్పుడు ఎన్ని బిందెలు పోసినా తాగేస్తుంది. అది చూసి ‘ఇక్కడ బాగా ఇంకుతుంది’ అనుకుని గుంత తవ్విస్తారు. నాలుగు వానలు పడగానే మట్టి ఉబ్బి బీటలు మూసుకుపోతాయి, ఇంకడం దాదాపు ఆగిపోతుంది. కాబట్టి పరీక్ష తడి నేలలోనే చేయాలి. అడుగు వెడల్పు, రెండడుగుల లోతు గొయ్యి తీసి, నిండా నీరు పోసి రాత్రంతా నాననివ్వండి. పొద్దున మళ్లీ నింపి, పక్కన స్కేలు గుచ్చి గంట తర్వాత చూడండి. గంటకు సెంటీమీటరు కూడా దిగకపోతే అక్కడ మామూలు ఇంకుడు గుంత పనిచేయదు, ఎంత పెద్దది తవ్వినా అంతే. రేగడి కింద మొరమో ఇసుక పొరో ఉంటే, గుంత అడుగునుంచి ఆ పొర దాకా 6 అంగుళాల బోరు వేసి, 4 అంగుళాల చిల్లుల పీవీసీ పైపు దింపి, చుట్టూ సన్న కంకర పోయాలి. వాడకంలో లేని ఎండిన బోరు ఉంటే ఇంకా మేలు. అయితే ఇలాంటి బోరులోకి వడకట్టిన డాబా నీరు మాత్రమే పంపాలి. రోడ్డు నీరు, వాకిలి కడిగిన నీరు పంపితే కాలనీ మొత్తానికి తాగునీరు చెడుతుంది. ఒకసారి చెడిన భూగర్భజలాన్ని బాగుచేయడం ఇంటివాళ్ల వల్ల అయ్యే పని కాదు.

మూడో కారణం విజయవాడలో ఎక్కువ. కృష్ణ ఒడ్డున, బందరు, ఏలూరు, రైవస్ కాలువల పక్కన ఉన్న చోట్ల వానాకాలంలో భూగర్భ నీటిమట్టం చాలా పైకి వస్తుంది. నీరు ఇంకాలంటే కింద ఖాళీ ఉండాలిగా! సెప్టెంబరు, అక్టోబరుల్లో చుట్టుపక్కల ఏదైనా బావిలోకి తొంగిచూడండి. గుంత అడుగుకూ నీటిమట్టానికీ మధ్య ఒకటిన్నర, రెండు మీటర్లు లేకపోతే లోతు గుంత వృథా. అక్కడ వెడల్పుగా, తక్కువ లోతుతో మొక్కల మడిలాంటిది చేసుకోవచ్చు. లేదంటే ఆ నీటిని సంపులోకి మళ్లించి మొక్కలకు, వాకిలి కడగడానికి వాడుకోవాలి.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద నీరు నిలిచిన ఇళ్లలో గుంతలు ఒండ్రుతో నిండిపోయాయి. వాటికి పై పొర మార్చడం సరిపోదు. అంతా తోడి, కంకర కడిగి, మళ్లీ పేర్చాల్సిందే. వరదలో మురుగు కలిసింది కనుక పక్కనున్న బోరు నీటిని పరీక్ష చేయించకుండా తాగొద్దు.

గుంత ప్రతి వానకూ పొంగి వాకిట్లోకి వస్తోంది

లెక్క తేలిక. 120 గజాల డాబా అంటే 100 చదరపు మీటర్లు. మిల్లీమీటరు వానకు 100 లీటర్లు. 10 మిల్లీమీటర్ల వాన పడితే, చిమ్మిపోయేది, తడికి పోయేది తీసేసినా 850 లీటర్ల దాకా దిగుతుంది. నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, అయిదడుగుల లోతు గుంతలో రాళ్లు పోను మిగిలే ఖాళీ సుమారు 40 శాతం, అంటే 900 లీటర్లు. జోరువాన గంటలో 40 మిల్లీమీటర్లు కురిస్తే వచ్చేది దీనికి దాదాపు నాలుగింతలు. కాబట్టి పొంగడం గుంత తప్పు కాదు, పొంగిన నీటికి దారి పెట్టకపోవడమే తప్పు. పై అంచుకు అరడుగు కింద 4 అంగుళాల పైపు పెట్టి వాననీటి కాలువలోకి కలపండి. గుంతను పునాదికి కనీసం మూడు మీటర్ల దూరంలో, సెప్టిక్ ట్యాంకుకు ఇంకా దూరంగా తవ్వాలి. రేగడిలో పునాది పక్కన నీరు ఇంకితే మట్టి ఉబ్బి గోడలు చీలుతాయి.

తొలివాన మురికి నీటిని పక్కకు తప్పించడానికి చాలామంది రెండు మీటర్ల నిలువు పైపు బిగిస్తారు. 4 అంగుళాల పైపు మీటరుకు పట్టేది 8 లీటర్లు. రెండు మీటర్లంటే 16 లీటర్లు. ఆ డాబాకు వదిలేయాల్సింది కనీసం 100 లీటర్లు. ఇది కంటితుడుపు. పైపు బదులు 200 లీటర్ల డ్రమ్ము పెట్టి, అడుగున చిన్న కుళాయి అమర్చి, వాన వెలిశాక ఖాళీ చేయండి. ఆ నీరు చెట్లకు పనికొస్తుంది.

దోమలు కనిపిస్తే గుంత మూతకు సన్న జాలీ వేయండి. దోమ గుడ్డు నుంచి రెక్కలదాకా రావడానికి వారం, పదిరోజులు పడుతుంది. నీరు మూడు రోజుల్లో ఇంకితే భయం లేదు. ఇంకకపోతే పైన చెప్పిన మూడు కారణాల్లో ఒకటి ఉన్నట్టే.

కంపోస్టు డబ్బా కంపు కొడుతోంది

ఏ వాసనో ముందు గమనించండి. కుళ్లిన గుడ్డు వాసనైతే లోపల గాలి లేదు, తడి ఎక్కువైంది. ముక్కు మండించే అమోనియా ఘాటైతే కూరగాయల చెత్త ఎక్కువై ఎండు సరుకు తక్కువైంది. గుప్పెడు తీసి పిండి చూడండి. ఒకటి రెండు చుక్కలు రాలితే తడి సరిగ్గా ఉంది. కారితే ఎక్కువ. పిడికిలి విప్పగానే పొడిపొడిగా రాలిపోతే తక్కువ.

రెండు వాసనలకూ చికిత్స ఒకటే. అంతా బయట తిరగబోసి, గడ్డలు విడగొట్టి, ఒక మగ్గు తడి చెత్తకు రెండు మగ్గుల ఎండు సరుకు కలిపి మళ్లీ నింపండి. జులై నుంచి అక్టోబరు దాకా గాలిలోనే తేమ ఉంటుంది కాబట్టి మూడు మగ్గులైనా పరవాలేదు. ఎండు సరుకంటే ఎండుటాకులు, అంగుళం ముక్కలుగా నరికిన వరిగడ్డి, కొబ్బరిపీచు పొడి, రంగూ పాలిషూ తగలని రంపపు పొట్టు. ఊక మిల్లుల్లో చౌకగా దొరుకుతుందని బస్తాలు తెచ్చిపోస్తారు. అది గాలి ఆడటానికి పనికొస్తుంది గానీ ఇసుకలాంటి సిలికా ఎక్కువ కాబట్టి త్వరగా కుళ్లదు. మొత్తంలో పావు వంతు మించనివ్వకండి.

మిగిలిన సాంబారు, పులుసు గిన్నెతో ఎత్తిపోయడమే చాలా ఇళ్లలో అసలు కారణం. నీళ్లు వంపేసి ముద్దనే వేయండి. ఉప్పు, నూనె ఎక్కువున్న పచ్చళ్లు, చేప ముళ్లు, మాంసం వేయొద్దు. ఎలుకలు, పిల్లులు వచ్చేది వాటి కోసమే. డ్రమ్ముకు పక్కల నాలుగు అంగుళాలకొకటి చొప్పున రంధ్రాలు పెట్టి, అడుగున ఇటుకలు పేర్చి నేలకు ఎత్తులో ఉంచితే కారిన నీరు నిలవదు.

మే నెల సంగతి వేరే చెప్పాలి. నూజివీడు రసాలు మొదలైతే డబ్బాలో తొక్కలు, టెంకలే. తీపికి చిన్న ఈగలు ముసురుతాయి. తొక్క వేసిన ప్రతిసారీ పైన రెండంగుళాల ఎండు సరుకు కప్పండి. టెంకలు వేయనే వద్దు, ఏడాది దాటినా అలాగే ఉంటాయి. అదే నెలలో ఇంకో చిక్కు, ఎండకు డబ్బా ఎండిపోయి కుళ్లడమే ఆగిపోతుంది, చీమలు పుట్ట పెడతాయి. నీడకు జరిపి, రెండు రోజులకోసారి పలచటి మజ్జిగ నీళ్లు చల్లండి. తడి తగలగానే చీమలు వాటంతటవే పోతాయి.

పురుగులు కనిపిస్తే భయపడి మందు చల్లొద్దు. బూడిద, గోధుమ రంగులో బల్లపరుపుగా, కణుపులు కణుపులుగా ఉన్నవి బ్లాక్ సోల్జర్ ఈగ పిల్లపురుగులు. చెత్తను అవే వేగంగా తింటాయి, ఆ ఈగ వంటింట్లో వాలదు. తెల్లగా సన్నగా మెత్తగా ఉన్నవి ఇంటి ఈగవి. తడి తగ్గించి, చెత్తను పైన వదలకుండా లోపలికి పూడిస్తే తగ్గిపోతాయి.

డబ్బా నిండాక రెండు మూడు నెలలకు ఎరువు తయారవుతుంది. గుప్పెడు కవర్లో బిగించి మూడు రోజులుంచి తెరవండి. మట్టివాసన వస్తే వాడొచ్చు, పులిసిన వాసన వస్తే ఇంకా కాలేదు. ఒక డబ్బా మాగుతుండగా రెండోది నింపుకోవాలి కనుక డబ్బాలు రెండుండాలి. ఒక్కదానితో మొదలుపెట్టినవాళ్లు మధ్యలో మానేయడానికి ఇదే కారణం.

సోలార్ ఉన్నా బిల్లు తగ్గలేదు

ఒక కిలోవాట్ పలకలు మన ఎండలకు ఏడాది సగటున రోజుకు 4 యూనిట్లు ఇస్తాయి. 3 కిలోవాట్లకు నెలకు 350 దరిదాపుల్లో రావాలి. ఇన్వర్టర్ (పలకల కరెంటును ఇంట్లో వాడే కరెంటుగా మార్చే పెట్టె) యాప్‌లో నెల లెక్క చూసి దీనితో పోల్చండి. ఉత్పత్తి బాగానే ఉండి బిల్లు తగ్గకపోతే తప్పు పలకల్లో లేదు. ఏసీ వాడకం పెరిగిందో, నెట్ మీటరులో బయటికి పంపిన యూనిట్లు బిల్లుకెక్కలేదో చూసుకోవాలి. స్థిర చార్జీలు ఎలాగూ వస్తాయి.

ఉత్పత్తే తక్కువైతే ముందు దుమ్ము చూడండి. ఇబ్రహీంపట్నం, కొండపల్లి వైపు థర్మల్ కేంద్రం బూడిద పడే ఇళ్లలో అది మంచు తడికి పేస్టులా అంటుకుంటుంది. మెత్తటి గుడ్డతో, తెల్లవారగానే కడగాలి. మిట్టమధ్యాహ్నం కాలిన అద్దం మీద చన్నీళ్లు పోస్తే అద్దం పగలొచ్చు. ఉప్పు బోరునీటితో కడిగితే తెల్లటి చారలు మిగిలి ఎండకు అడ్డం పడతాయి. దాచుకున్న వాననీరు ఇక్కడ బంగారం.

మేలో ఎండ మండిపోతున్నా మార్చి కన్నా తక్కువ వస్తే కంగారు పడక్కర్లేదు. పలక వేడి 25 డిగ్రీలు దాటాక డిగ్రీకి 0.35 శాతం చొప్పున శక్తి తగ్గుతుంది. 65 డిగ్రీలకు కాలిన పలక 14 శాతం పోగొట్టుకుంటుంది. అందుకే పలకలను డాబాకు అతికించినట్టు కాకుండా కింద గాలి ఆడేంత ఎత్తులో, దక్షిణం వైపు 15 డిగ్రీల వాలుతో పెట్టించాలి. నీళ్ల ట్యాంకు నీడ ఒక్క పలక మీద పడినా ఆ వరుస మొత్తం కుంటుపడుతుంది. పక్కింటివాళ్లు పైన అంతస్తు వేశాక ఉత్పత్తి పడిపోయిందంటే అనుమానం అక్కర్లేదు.

మధ్యాహ్నం ఇన్వర్టర్ ఆగి ఆగి పనిచేస్తోంది

వీధి లైనులో వోల్టేజీ పెరగడం దీనికి మామూలు కారణం. అందరి డాబాల నుంచీ ఒకేసారి కరెంటు లైనులోకి పోతే వోల్టేజీ హద్దు దాటి ఇన్వర్టర్ తనను తాను ఆపుకుంటుంది. మంచి ఎండలో ఎలక్ట్రీషియన్‌తో ఇన్వర్టర్ దగ్గరా, మీటరు దగ్గరా వోల్టేజీ కొలిపించండి. రెండింటికీ తేడా అయిదారు వోల్టులుంటే మీ ఇంటి కేబులే సన్నం, లావుది వేయించాలి. రెండుచోట్లా ఎక్కువగానే ఉంటే సమస్య లైనుది. రోజు, టైము, తెర మీది కోడ్ రాసి 1912కు ఫిర్యాదు చేయండి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర సరిచేసే అధికారం కరెంటు పంపిణీ సంస్థ డిస్కమ్‌దే.

కరెంటు పోతే సోలారూ ఆగిపోవడం లోపం కాదు. స్తంభమెక్కిన లైన్‌మన్‌కు మీ డాబా కరెంటు కొట్టకుండా అలా చేశారు. కోతల్లోనూ నడవాలంటే బ్యాటరీ, దానితోనూ నడిచే హైబ్రిడ్ ఇన్వర్టర్ కావాలి. డాబా సోలార్‌కు కేంద్రం ఇచ్చే, 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ రాయితీ 3 కిలోవాట్లకు గరిష్ఠంగా 78,000 రూపాయలు. అది పలకలను బట్టి ఇచ్చేది, బ్యాటరీ పెట్టినా పెరగదు.

డాబాకు వేసిన తెల్లరంగు పొలుసులుగా లేస్తోంది

లోపల చెమ్మ ఉండగా వేశారు. పగుళ్లు పూడ్చి, వైరు బ్రష్‌తో పాకుడు గీకి, రెండు మూడు రోజులు ఎండనిచ్చి, ప్రైమరు మీద రెండు పూతలు అడ్డంగా, నిలువుగా వేయాలి. మేలో మధ్యాహ్నం వేస్తే పట్టుకునేలోపే ఆరిపోయి లేస్తుంది. సాయంత్రం వేయండి.

నాటిన మొక్కలు మే దాటడం లేదు

పర్యావరణ దినోత్సవమని జూన్ 5న ఎండలో ఫొటోల కోసం నాటడం మొదటి కారణం. వానలు కుదురుకున్నాక జులైలో నాటండి. రేగడిలో చిన్న గొయ్యి తీస్తే వానాకాలం నీరు నిలిచి వేరు కుళ్లుతుంది, ఎండాకాలం మట్టి చీలి వేరు తెగుతుంది. రెండడుగుల పొడవు, వెడల్పు, లోతు గొయ్యి తీసి, అదే మట్టిలో మూడో వంతు కంపోస్టు, కొంచెం ఇసుక కలిపి నింపండి. మొదలుకు జానెడు దూరం వదిలి నాలుగు అంగుళాల మందాన ఎండుటాకులు పరవాలి. ఎండాకాలం రోజూ చెంబెడు పోస్తే పైపైన తడిసి వేరు పైకే పాకుతుంది. వారానికి రెండుసార్లు 15 నుంచి 20 లీటర్లు నిదానంగా పోయండి. వేప, కానుగ, పొగడ ఇక్కడి ఎండకు నిలుస్తాయి. కోనోకార్పస్ త్వరగా పచ్చబడుతుందని తెస్తారు గానీ దాని వేళ్లు పైపుల్లోకి, సంపుల్లోకి దూరతాయి. కరెంటు తీగల కింద గన్నేరు, నందివర్ధనం లాంటి పొట్టివే నాటండి. వేప నాటితే నాలుగేళ్లకు తీగలకు తగిలి, డిస్కమ్ వాళ్లు వచ్చి తల నరికేస్తారు.