పాత తుపాకీ దొంగసొత్తు కాదని ఎలా తేల్చుకున్నానంటే

మలక్‌పేటలో తెలిసిన పెద్దాయన తన డబుల్ బ్యారెల్ తుపాకీ అమ్ముతానన్నారు. ఇంగ్లండ్‌లో తయారైన పాత సరుకు, చూడగానే మనసు పడ్డాను. నాకు ఆయుధ లైసెన్సు ఉంది. అయినా ఇది ఎక్కడైనా పోయినట్టు కేసుందేమో తేలేదాకా అడ్వాన్స్ ఇవ్వదలచుకోలేదు.

ముందు నంబరు చూడాలి. గొట్టాలు ఊడదీస్తే వాటి అడుగున బల్లపరుపు భాగం మీద ఒకటి, దానికి ఎదురుగా బాడీ మీద ఒకటి, ముందు చెక్కలోని ఇనుప ముక్క మీద ఇంకొకటి ఉన్నాయి. నూనె గుడ్డతో తుడిచి భూతద్దంతో చూస్తే మూడూ ఒకటే. ఆయన లైసెన్సులో మాత్రం 3 ఉండాల్సిన చోట 8 ఉంది. అక్కడే టెన్షన్ మొదలైంది.

"బాబూ, మా నాన్నగారి కాలం నుంచీ ఇంట్లోనే ఉంది" అన్నారాయన. నమ్మాను, కానీ కాగితం కావాలి కదా.

చోరీ ఆయుధాల రికార్డులు మనలాంటివాళ్లు వెతికి చూసుకునేవి కావు. ఇంటర్‌పోల్ ఐఆర్మ్స్ డేటాబేస్ కూడా పోలీసుల ద్వారానే. అందుకే ఫొటోలు, యూఐఎన్ (ఆయుధ లైసెన్సుదారుకు ఇచ్చే గుర్తింపు సంఖ్య) జతచేసి, రెండు నంబర్లూ సరిచూడమని ఆయన చేత స్టేషన్‌లోనూ కమిషనరేట్‌లోనూ అర్జీ పెట్టించాను. రెండింటి మీదా ఫిర్యాదు లేదన్నారు. పాత రిజిస్టరులో 3 స్పష్టంగా ఉంది, లైసెన్సు సరిచేశారు.

అమ్మకానికి కనీసం 45 రోజుల ముందు రాతపూర్వకంగా తెలపాలని ఆయుధాల చట్టం 5వ సెక్షన్ చెబుతోంది. ఆ నోటీసు సరైన నంబరుతోనే ఇచ్చారు.