మీ పరిశోధనకు యూనివర్సిటీ పేటెంట్ వేయాలంటే కమిటీకి ఏం చూపించాలి

ఒకసారి మా కమిటీ గదిలోకి రొయ్యల చెరువు వాసన వచ్చింది. భీమవరం దగ్గరి ఊరి నుంచి వచ్చి ఇక్కడ ఇన్‌స్ట్రుమెంటేషన్ చెప్పే ఒక మాస్టారు స్టీలు డబ్బా మూత తీసి రెండు ఆక్సిజన్ ప్రోబ్‌లు టేబుల్ మీద పెట్టారు. రెండూ మూడు వారాలు ఒకే చెరువులో నానినవే. ఒకదాని మూతికి నాచూ జిగురూ పట్టి పచ్చగా ఉంది. రెండోదాని మీద వేలు పెడితే గాజు మీద జారినట్టు జారింది. "తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోతుంది మేడమ్. ఆ టైములో మీటరు తప్పు చూపిస్తే పంట పోతుంది" అన్నారు. ఆయన తెచ్చిన 22 పేజీల రిపోర్టు మేం చదివింది ఆ తర్వాతే.

నేను చెన్నైలో ఒక యూనివర్సిటీ ఐపీ (మేధోసంపత్తి) సెల్‌లో పనిచేస్తున్నాను. సొంతూరు కావలి. మన వైపు నుంచి వచ్చి ఇక్కడ పాఠాలు చెప్పేవాళ్లు, పీహెచ్‌డీ చేసేవాళ్లు నన్ను తరచూ అడిగే మాట ఒకటుంది: "మంచి జర్నల్‌లో పేపర్ వచ్చింది కదా, పేటెంట్‌కి ఎందుకు ఒప్పుకోలేదు?" జర్నల్ చూసేది వేరు, మేం చూసేది వేరు. ఇది నిజంగా కొత్తదేనా? చట్టం ఒప్పుకునే రకమేనా? ఎవరైనా డబ్బు పెట్టి దీన్ని తయారు చేస్తారా? మనకు చెప్పకుండా వాడుకుంటే పట్టుకోగలమా? ఈ నాలుగింటికీ జవాబులు సిద్ధం చేసుకుని వస్తే సగం పని అయినట్టే.

అన్నిటికంటే ముందు ఒక మాట. పేపర్ పంపకముందే, పోస్టర్ పెట్టకముందే మా దగ్గరికి రండి. నేను ఎం.టెక్. చేసేటప్పుడు నీటి ఫిల్టర్ ఒకటి డిజైన్ చేశాను. థీసిస్ ఇచ్చాక దాన్ని లైబ్రరీ వెబ్‌సైట్‌లో పెట్టేశారు. పెడుతున్నామని నాకు ఒక్కరూ చెప్పలేదు. నాలుగు నెలల తర్వాత పేటెంట్ ఏజెంట్ దగ్గరికి వెళితే, ఆయన వెతికి మొట్టమొదట బయటికి తీసిన పత్రం నా థీసిసే. అప్పటికే అందరికీ కనిపించేలా బయటపడింది కాబట్టి, చట్టం లెక్కలో అది ఇక కొత్తది కాదు. ఆ రోజు నోట మాట రాలేదు. అందుకే ఈ విషయంలో ఎవరినైనా ఎన్నిసార్లయినా హెచ్చరిస్తాను.

బయటపెట్టాక కూడా దరఖాస్తు వేసుకోవడానికి మన పేటెంట్ చట్టంలో 31వ సెక్షన్ కింద 12 నెలల వెసులుబాటు కొంత ఉంది కానీ, అది చాలా ఇరుకు సందు. విదేశాల్లో చాలాచోట్ల అదీ ఉండదు. జన్యువులను కత్తిరించి అతికించే కోహెన్, బోయర్ పద్ధతి పేపర్‌గా 1973 నవంబరులో వచ్చింది. స్టాన్‌ఫోర్డ్ పేటెంట్‌కి దరఖాస్తు పెట్టింది 1974 నవంబరులో. అమెరికాలో ఏడాది గడువు ఉండబట్టి అక్కడ మాత్రం దక్కింది. మిగతా దేశాల్లో హక్కు చేజారిపోయింది. టైము లేకపోతే మాకు చెప్పండి, ప్రొవిజనల్ దరఖాస్తు, అంటే ముందుగా తేదీ దక్కించుకునే తాత్కాలిక దరఖాస్తు వేద్దాం. పూర్తి దరఖాస్తుకి 12 నెలలు దొరుకుతాయి. అయితే ప్రొవిజనల్‌లో రాయనిదానికి ఆ తేదీ వర్తించదు. కాబట్టి రెండు పేరాలు రాసి పంపించకండి, ఉన్నదంతా రాయండి.

ఇక కొత్తదనం. ఇన్‌పాస్, గూగుల్ పేటెంట్స్, ఎస్పాసినెట్, పాత పేటెంట్లు వెతికే ఈ వెబ్‌సైట్లు మూడూ ఉచితమే. మీరే ఒక పూట కూర్చుని వెతకండి. దగ్గరగా ఉన్న పాత పేటెంట్ దొరికితే దాచకండి, ఫారంలో రాసివ్వండి. ప్రోబ్ మాస్టారి విషయంలో మాకు అరగంటలోనే దొరికాయి. మోటారు బ్రష్‌తో తుడుచుకునే ప్రోబ్‌లు, గాలి ఊది కడిగేవి ఎప్పటి నుంచో ఉన్నాయి. ఆయన ముఖం వాడిపోయింది. అప్పుడు మా ఏజెంట్ అడిగారు: "మరి మీ దాంట్లో మోటారు ఎక్కడుంది?" "మోటారు లేదు సార్. చెరువు నీటిలో గాలి కలిపే ఏరేటర్ చక్రం తోసే నీటికే ఈ రెక్క ఊగుతుంది. ఊగినప్పుడల్లా మూతిని తుడుస్తుంది." రిపోర్టులో 17వ పేజీలో ఒక్క వాక్యంగా ఉన్న ఆ ముక్కే చివరికి మొదటి క్లెయిమ్, అంటే ఇది మాది అని హక్కు కోరే మొదటి అంశం అయింది. మీ పరిశోధనలో ఏ ముక్క కొత్తదో మీకు మామూలుగా కనిపించవచ్చు. అందుకే పాతవాటి పక్కన పెట్టి, తేడాను ఒక్క వాక్యంలో రాసి తెండి.

చట్టం సంగతి త్వరగా చెబుతాను. ఉత్త అల్గారిథమ్, రోగానికి చికిత్స చేసే పద్ధతి, వ్యవసాయ పద్ధతి, మన పెద్దలకు ఎప్పుడో తెలిసిన వైద్యం, ఇవన్నీ పేటెంట్ చట్టం 3వ సెక్షన్ దగ్గరే ఆగిపోతాయి. గాయాలకు పసుపు వాడకం మీద మిసిసిపీ యూనివర్సిటీ 1995లో తీసుకున్న అమెరికా పేటెంట్‌ని మన ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ సవాలు చేస్తే 1997లో రద్దయింది. మన మొక్కలతో, సూక్ష్మజీవులతో చేసిన పని అయితే జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ నియమాలు కూడా చూడాలి. ఆ ఆఫీసు ఇక్కడే తరమణిలో ఉంది.

డబ్బు దగ్గరకొస్తే, మన దేశంలో వేయడం పెద్ద భారం కాదు. 2021లో విద్యాసంస్థలకు ఫీజు 80 శాతం తగ్గించారు. ఆన్‌లైన్‌లో దరఖాస్తుకి 8,000 బదులు 1,600, ఆ దరఖాస్తుని పేటెంట్ ఆఫీసు పరిశీలించడానికి 20,000 బదులు 4,000 రూపాయలు. ఏజెంట్ ఫీజు వేరే. కమిటీ తటపటాయించేది విదేశాల దగ్గర. పీసీటీ (చాలా దేశాలకు కలిపి ఒకే దరఖాస్తుతో మొదలుపెట్టే అంతర్జాతీయ ఒప్పందం) దారిలో వెళితే చాలా దేశాల్లో మొదట దరఖాస్తు వేసిన తేదీ నుంచి 30 నెలల లోపు అడుగు పెట్టాలి. ఒక్కో దేశానికి లక్షల్లో ఖర్చవుతుంది. అప్పుడు కమిటీ అడిగేది ఒక్కటే: లైసెన్స్ తీసుకునేవాళ్లు ఎవరు? "రైతులకు ఉపయోగం" అంటే చాలదు. మీటర్లు తయారు చేసే ఒక కంపెనీ పేరు, వాళ్లతో మాట్లాడిన మాట కావాలి. పట్టుకోవడం గురించి ప్రోబ్‌తో బెంగ లేదు, కొట్లో ఒకటి కొని విప్పి చూస్తే తెలిసిపోతుంది. ఎవరిదో ఫ్యాక్టరీ గోడల లోపల జరిగే ప్రాసెస్ అయితే అలా కాదు. దానికి ఒక్కోసారి మేమే వద్దంటాం.

పేర్ల దగ్గర మాత్రం నేను గట్టిగా ఉంటాను. ఆ ఫారంలో మాస్టారు, హెచ్ఓడీ పేర్లు ఉన్నాయి. "ఈ రెక్కకి ఈ వంపు ఎవరు పెట్టారు?" అని అడిగాను. వెనక కుర్చీలో కూర్చున్న పీహెచ్‌డీ అమ్మాయి తల దించుకుంది. మాస్టారు వెంటనే "తనే మేడమ్, ఏడుసార్లు కోసి చూసింది" అన్నారు. ఆమె పేరు చేరింది, హెచ్ఓడీ పేరు తీసేశాం. ఆలోచనలో పాలున్నవాళ్లే ఇన్వెంటర్లు, మర్యాద కోసం పేర్లు చేర్చకూడదు. పేటెంట్‌ని తర్వాత ఎవరైనా సవాలు చేస్తే ఇలాంటివే మెడకు చుట్టుకుంటాయి.

ర్యాంకింగ్ లెక్క కోసం దరఖాస్తులు వేసి వదిలేసే కాలేజీలూ ఉన్నాయి. 18 నెలలకు అది ప్రచురితమవుతుంది, రహస్యం బయటపడుతుంది, హక్కు మాత్రం రాదు. పిల్లల కష్టాన్ని అలా పారబోయడం నాకు సహించదు. మీ యూనివర్సిటీ వద్దంటే కారణం రాతపూర్వకంగా అడగండి. హక్కు మీకు తిరిగి ఇస్తారేమో పాలసీలో చూడండి, ఇస్తామంటే అదీ కాగితం మీద తీసుకోండి. ప్రాజెక్టుకి కంపెనీయో ప్రభుత్వ సంస్థో డబ్బిచ్చి ఉంటే ఆ ఒప్పందం కూడా వెంట తెచ్చుకోండి.

ప్రోబ్‌కి ఇక్కడ ప్రొవిజనల్ వేశాం. రొయ్యలు పెంచే ఈక్వడార్, వియత్నాంల సంగతి తయారీదారు దొరికాక చూద్దామని కమిటీ రాసింది. దరఖాస్తు నంబరు చేతికొచ్చిన మర్నాడే మాస్టారు, ఆ అమ్మాయి అదే స్టీలు డబ్బాతో భీమవరం రైలెక్కారు, ఏరేటర్లు అమ్మే డీలర్‌ని కలవడానికి.