అల్లం నాటే ముందు మిట్టమధ్యాహ్నం తోటలో నిలబడండి

రోహిణి కార్తె నడుస్తోంది, తొలకరి దగ్గరపడింది. కోనసీమలో కొబ్బరి కింద అల్లం వేయబోయేవాళ్లు విత్తనం కొనే ముందు నీడ సంగతి తేల్చుకోవాలి. అల్లం నీడను ఓర్చుకుంటుంది, నిజమే. ఎంత చీకట్లోనైనా ఊరుతుందనుకుంటేనే దెబ్బ తింటాం.

దానికి 25 నుంచి 30 శాతం నీడ సరిపోతుంది. బొత్తిగా నీడ లేకపోతే ఆకులు మాడతాయి, మడి తొందరగా ఆరిపోతుంది. నీడ సగానికి మించితే మొక్క వెలుతురు కోసం సన్నగా పైకి సాగుతుంది. చూడటానికి ఏపుగానే ఉంటుంది. తవ్వితే తెలుస్తుంది: పిలకలు తక్కువ, దుంప చిన్నది. పిలకల మొదళ్లే కొమ్ములుగా ఊరతాయి కాబట్టి పిలక తగ్గితే దిగుబడీ తగ్గినట్టే.

మిట్టమధ్యాహ్నం చెట్ల వరసల మధ్య ఒక తెల్ల పంచె పరిచి చూడండి. మూడొంతులు వెలుతురు, ఒక వంతు నీడ పడితే అక్కడ నాటొచ్చు. అటూ ఇటూగా ఉంటే వెలుతురు వైపే మొగ్గండి, ఎందుకంటే శ్రావణంలో మబ్బులే సగం నీడ ఇస్తాయి. ఎనిమిదేళ్ల నుంచి పాతికేళ్ల లోపు కొబ్బరి కింద నీడ దట్టం, అక్కడ వద్దు. పాతికేళ్లు దాటిన తోట మేలు. నీడ తగ్గించాలని పచ్చి మట్టలు మాత్రం కొట్టకండి, కాయ దిగుబడి పడిపోతుంది. ఎండు మట్టలు దింపితే చాలు. చెట్టు మొదలు చుట్టూ ఆరడుగులకు పైగా వదిలేయండి.

డెల్టాలో నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది నీడ, తడి కలవడం. దట్టమైన నీడలో మడి ఆరదు, నీరు నిలిస్తే దుంపకుళ్లు పట్టుకుంటుంది. ఒక మొక్కకు వచ్చిందంటే నీటితోపాటు మడంతా పాకుతుంది. అందుకే మడి అడుగు ఎత్తున కట్టి, బోదెలు మురుగు కాలువకి కలపండి. గోదారి వరద ఎక్కే లంకల్లో అసలు వేయకండి. వంగ, టమాటా, మిరప వేసిన నేల కూడా వద్దు, వాటి ఎండు తెగులు అల్లానికీ అంటుతుంది.

విత్తన దుంపలను లీటరుకు 3 గ్రాముల మాంకోజెబ్ అనే తెగుళ్ల మందు కలిపిన నీళ్లలో అరగంట నానబెట్టి, నీడలో ఆరబెట్టాకే నాటండి. నాటిన రోజే పచ్చి ఆకు కప్పండి.

ఖాళీ చేనులో వేసేవాళ్లు మడి అంచుల్లో అక్కడక్కడా కంది గానీ ఆముదం గానీ పెట్టుకోవచ్చు. ముసురు పట్టాక గుబురుగా పెరిగితే కొమ్మలు నరికేయండి.