రిపోర్టు చివరి లైన్లో అయోర్టా ఉంటే

నాన్న ముప్పై ఏళ్లు లారీ నడిపారు. స్టీరింగ్ వదిలి పదేళ్లయింది, బీడీ మాత్రం వదల్లేదు. ప్రోస్టేట్ కోసం కడుపు స్కానింగ్ చేయిస్తే రిపోర్టు చివర "అబ్డామినల్ అయోర్టిక్ ఎన్యూరిజం, 4.1 సెం.మీ." అని వచ్చింది. నేను ప్రోస్టేట్ సైజు చూసుకుని కవర్లో పెట్టేశాను. రెండు వారాల తర్వాత యూరాలజీ డాక్టరు గారు ఆ లైను కింద పెన్నుతో గీస్తేగానీ నా కంట పడలేదు. అందుకే మీరు రిపోర్టు చివరిదాకా చదవండి.

గుండె నుంచి కిందికి దిగే పెద్ద రక్తనాళమే అయోర్టా. కడుపులో దాని వెడల్పు మామూలుగా 2 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. గోడ బలహీనపడి 3కి చేరితే ఎన్యూరిజం అంటారు. పాత సైకిల్ ట్యూబు ఒకచోట బుడగలా లేస్తుంది చూడండి, అలాగన్నమాట. "నొప్పే లేనప్పుడు జబ్బేంట్రా?" అన్నారు నాన్న. చాలామందికి పగిలేదాకా నొప్పి ఉండదు, దీనితో వచ్చిన చిక్కే అది.

వెళ్లాల్సింది వాస్క్యులర్ సర్జన్ దగ్గరికి, అంటే రక్తనాళాలకి ఆపరేషన్ చేసే డాక్టరు. మగవాళ్లకి 5.5, ఆడవాళ్లకి 5 సెంటీమీటర్ల దగ్గర ఆపరేషన్ మాట వస్తుంది. ఆరు నెలల్లో అర సెంటీమీటరు పెరిగినా అంతే. అంతకు తక్కువైతే సైజును బట్టి ఆరు నెలలకో, ఏడాదికో, ఇంకా ఆగో స్కాన్ చేసి చూస్తుంటారు. నాన్నకి ఏడాదికోసారి అన్నారు.

అక్కడే నేను పొరపాటు చేశాను. మరుసటి ఏడు, ఇంటికి దగ్గరని వేరే సెంటర్‌కి తీసుకెళ్తే 4.6 అని రాసిచ్చారు. ఇంట్లో ఆ రాత్రి ఎవరికీ నిద్ర లేదు. సర్జన్ గారు సీటీ యాంజియో, అంటే నరంలోకి మందు ఎక్కించి రక్తనాళాలను చూసే సీటీ స్కాన్, తీయిస్తే 4.2 తేలింది. దోసకాయను అడ్డంగా తరిగితే చక్రం చిన్నగా, ఏటవాలుగా తరిగితే పెద్దగా వస్తుంది కదా, కొలతా అంతేనట. కాబట్టి వీలైనంత వరకు ఒకే చోట తీయించండి, పాత ఫిల్ములు పట్టుకెళ్లండి. పొద్దున ఏమీ తినకుండా వెళ్లాలి, పేగుల్లో గాలి ఉంటే అయోర్టా సరిగ్గా కనపడదు. సీటీకైతే ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూపించుకోవాలి, ఎక్కించే మందు కిడ్నీల మీద పడొచ్చు.

ఆపరేషన్ రెండు రకాలు. కడుపు కోసి, ఉబ్బినచోట డాక్రాన్ అనే గుడ్డతో చేసిన గొట్టం కుట్టడం ఒకటి. గజ్జల దగ్గర నుంచి లోపలికి స్టెంట్ గ్రాఫ్ట్ (గుడ్డ తొడిగిన లోహపు వల గొట్టం) పంపడం రెండోది, దాన్నే ఈవార్ అంటారు. ఇందులో త్వరగా ఇంటికొస్తారు, కానీ స్టెంట్ పక్కనుంచి రక్తం లీకవుతోందేమో జీవితాంతం స్కాన్లతో చూసుకోవాలి. కిడ్నీల రక్తనాళాల కింద స్టెంట్ పట్టుకునేంత మంచి గోడ ఉందా అని తప్పకుండా అడగండి. లేకపోతే మామూలు ఈవార్ కుదరకపోవచ్చు.

అప్పటిదాకా బీపీ అదుపులో ఉండాలి, పొగ మానాలి. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ఈ జబ్బు ఉందని ముందే చెప్పండి. సిప్రోఫ్లాక్సాసిన్ రకం యాంటీబయాటిక్‌లు వీళ్లకి వేరే దారి ఉంటే ఇవ్వొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో హెచ్చరించింది. యూరిన్ ఇన్ఫెక్షన్ అనగానే రాసేవి అవే.

ఉన్నట్టుండి కడుపులోనో నడుములోనో భరించలేని నొప్పి, చెమటలు, కళ్లు తిరగడం వస్తే 108కి ఫోన్ చేయండి. కిడ్నీలో రాయేమో అని తెల్లారేదాకా ఆగొద్దు. ఎన్యూరిజం ఉందని అంబులెన్స్ వాళ్లకి మొదటి మాటగా చెప్పండి.

ఇది కుటుంబాల్లోనూ నడుస్తుంది. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పిల్లలు వయసు చూసుకుని డాక్టరుని అడగాలి. 65 దాటి, ఎప్పుడైనా పొగ తాగిన మగవాళ్లు ఒక్కసారైనా స్కాన్ చేయించుకోవడం మంచిది. మా బాబాయికి 67. పోయిన నెల బలవంతంగా లాక్కెళ్లాను. పొద్దున్నుంచి టీ లేదని దారంతా నన్ను తిడుతూనే ఉన్నాడు. 2.1 వచ్చింది.