స్క్రీన్‌ప్లే పాఠాలు – 6: గుండెకోతను వస్తువుతో చెప్పించడం

గత పాఠంలో రెండు కాలాల్లో నడిచే కథను ఎలా అల్లాలో చూశాం. ఈసారి ప్రేమ విఫలమైన సన్నివేశం. ఇది రాయడానికి కూర్చోగానే కలం సంభాషణల వైపు పరుగెడుతుంది. నువ్వు లేకుండా బతకలేనంటూ పాత్ర ఎంత నిజాయితీగా చెప్పినా ఆ మాట తెర మీద తేలిపోతుంది. దాన్ని పాత్ర నోటి నుంచి తప్పించి ఒక వస్తువుకు అప్పగించడమే ఈ పాఠం.

ఇందుకు 2012లో వచ్చిన కొరియా చిత్రం ‘ఆర్కిటెక్చర్ 101’ను మించిన నమూనా నాకు తెలియదు. దర్శకుడు లీ యోంగ్‌జు స్వయంగా ఆర్కిటెక్చర్ చదివినవాడు. 1990లలో సియోల్‌లో డిగ్రీ మొదటి ఏడాది చదువుతున్న సుంగ్‌మిన్, సోయోన్ ఒకే క్లాసులో కలుస్తారు. మనసులో మాట చెప్పుకోకముందే విడిపోతారు. దాదాపు పదిహేనేళ్ల తర్వాత ఆమె ఆర్కిటెక్ట్ అయిన అతన్ని వెతుక్కుంటూ వచ్చి, జెజు ద్వీపంలో తనకు ఇల్లు కట్టిపెట్టమని అడుగుతుంది.

ఈ సినిమా అనగానే అందరూ ఆ సీడీ ప్లేయర్ గురించే మాట్లాడతారు. మేడ మీద ఇద్దరూ చెరో ఇయర్‌ఫోను పెట్టుకుని పాట వినే సన్నివేశం అందమైనదే. కానీ నేర్చుకునేవాళ్లు చూడాల్సింది ఒక చొక్కానూ, ఒక ఇనుప గేటునూ.

సుంగ్‌మిన్ తల్లి జియోంగ్‌నుంగ్ బజారులో చిన్న తిండి దుకాణం నడుపుతుంది. అతను వేసుకు తిరిగే టీషర్టు మీద పేరున్న కంపెనీ పేరే ఉంటుంది, కాకపోతే రెండు అక్షరాలు తారుమారై ఉంటాయి. ఒకరోజు కారు వెనక సీట్లో నిద్ర నటిస్తున్న అతనికి, డబ్బున్న సీనియర్ ఆ చొక్కాను వెక్కిరించడం, సోయోన్ కూడా నవ్వడం వినబడతాయి. ఇంటికి వచ్చి ఆ కోపమంతా తల్లి మీద చూపిస్తాడు, వెళ్తూ వెళ్తూ గేటును తంతాడు. గేటు వంగిపోతుంది. ఏళ్ల తర్వాత అదే ఇంట్లో తల్లి అదే చొక్కా తొడుక్కుని కనిపిస్తుంది. బయటికి వస్తే గేటు ఇంకా వంగే ఉంటుంది. దాన్ని చేతులతో సరిచేయబోతాడు.

గమనించండి, ప్రేమలో తగిలిన దెబ్బను తల్లి భరించింది. ఆ చొక్కా కథలోకి ప్రేమ గుర్తుగా రాలేదు, ఒంటి మీది మామూలు బట్టగా వచ్చింది. అందుకే ప్రేక్షకుడు దాన్ని అనుమానించడు. ఆ తర్వాత పాత్ర చేసిన పని వల్ల గేటుకు మచ్చ పడింది. చివరికి ఆ చొక్కా, దాని వెనకున్న అవమానం తెలియని మనిషి ఒంటి మీద తిరిగి కనబడింది. ఈ మూడింటిలో ఏది లేకపోయినా ఆ గేటు దగ్గర మన గొంతు పూడుకుపోదు.

ఇక రాత సంగతి. “గేటును చూడగానే గతం గుర్తొచ్చి అతని గుండె బరువెక్కింది” అని స్క్రిప్టులో రాస్తే కెమెరా దేన్ని తీయాలి? ఇలా రాయండి: “సొట్ట మీద చెయ్యి వేస్తాడు. అటూ ఇటూ చూస్తాడు. రెండు చేతులతో బలంగా లాగుతాడు. గేటు కదలదు.” నటుడికి చేయడానికి పని దొరికింది, ప్రేక్షకుడికి ఊహించడానికి చోటు మిగిలింది. దీని తర్వాత పాత్ర చేత ఒక్క వాక్యం పలికించినా, సంపాదించిందంతా పోతుంది.

ఈ వారం అభ్యాసం: మీ పాత్ర ఇంట్లో రోజూ వాడే ఒక వస్తువును తీసుకోండి. ఉంగరం, ఉత్తరం, ఎండిన పువ్వు వద్దు, వాటిని చూడగానే ప్రేమకథ అని తెలిసిపోతుంది. నీళ్ల బిందె కావచ్చు, సైకిలు స్టాండు కావచ్చు. దానితో మూడు సన్నివేశాలు రాయండి, ఒక్కొక్కటి అర పేజీ దాటకూడదు. రెండోదానికీ మూడోదానికీ మధ్య కనీసం పదేళ్లు గడవాలి. మూడోదానిలో ఆ వస్తువును వేరెవరో, ఏమీ తెలియకుండా వాడుతూ ఉండాలి. ప్రేమ అనే మాట ఎక్కడా రాకూడదు. రాశాక వాటిని కథ తెలియని ఒకరికి చదివి వినిపించి, ఎక్కడ ఆగి ప్రశ్న అడిగారో గుర్తు పెట్టుకోండి. వచ్చే పాఠంలో ఆ చోటును తిరగరాయడంతో మొదలుపెడదాం.