తాతముత్తాతల పేర్లు వెతికేవారికి భూమి కాగితాల దారి

వరంగల్ చుట్టుపక్కల పల్లెల్లో వంశవృక్షం రాయాలనుకునేవారు ముందుగా తెరవవలసినవి భూమి రికార్డులని నా అభిప్రాయం. ఫ్యామిలీసెర్చ్ అనే వంశచరిత్ర వెబ్‌సైటు ఉచితమే, అందులో హరిద్వార్ వంటి తీర్థాల పండాల వహీలు (తీర్థ పురోహితులు యాత్రికుల వంశాలు రాసుకున్న పుస్తకాలు) కూడా ఉన్నాయి గాని, అవి మనకంటే ఉత్తరాదివారికే ఎక్కువ అక్కరకొస్తాయి.

రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో 1983 నుంచి ఈసీ (ఆస్తిపై రిజిస్టరైన లావాదేవీలు చూపే ధ్రువపత్రం) దొరుకుతుంది. అమ్మినవారి, కొన్నవారి పేర్లతో పాటు భాగపంపకాలు రిజిస్టరై ఉంటే అన్నదమ్ముల పేర్లన్నీ ఒక్కచోటే కనబడతాయి. అక్కడ దొరికిన సర్వే నంబరును పట్టుకుని తహసీల్దారు కార్యాలయంలో 1954-55 నాటి ఖాస్రా పహాణీ (సర్వే నంబర్లవారీ భూమి రికార్డు) నకలుకు దరఖాస్తు చేస్తే, పట్టాదారు గడిలో ఒక పేరు, కబ్జాదారు (భూమి అనుభవంలో ఉన్నవారు) గడిలో మరో పేరు ఉండి, ఇంట్లో ఎవరూ చెప్పని ఒక చినతాత ఉనికి బయటపడవచ్చు. మా ఇంట్లో జరిగింది అదే.

నిజాం కాలపు కాగితాలు ఉర్దూలో, ఫసలీ అనే రెవెన్యూ సంవత్సరాలతో ఉంటాయి. ఫసలీకి 590 కలిపితే సుమారుగా క్రీస్తుశకం వస్తుంది, అంటే 1350 ఫసలీ అంటే 1940-41. చేతిరాత షికస్తా (గొలుసుకట్టు ఉర్దూ రాత) అయితే ఫోన్ అనువాదాన్ని నమ్మకుండా, ఉర్దూ చదివిన పెద్దమనిషికి చూపించడమే మేలు.

ఒకే మనిషి ఒకచోట ఐలయ్యగా, మరోచోట అయిలయ్యగా నమోదై ఉంటాడు కనుక, పేరు ఒక్కదాన్నే కాక తండ్రి పేరును, సర్వే నంబరును కలిపి సరిచూసుకోవాలి.